చీకటికి పెట్టిన పేరు

నూట పన్నెండు, నూట పదమూడు... చీకటమ్మ పెదవుల మధ్యే సెకన్లు లెక్కపెడుతూ తొట్టిలోని మందునీళ్లలో ఫిల్మును అటూ ఇటూ ఊపుతోంది. ఎర్రబల్బు కింద ఆమె గోళ్లు మందు తిని మొద్దుబారి ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి డార్క్‌రూములో ఎక్స్‌రే ఫిల్ములు కడుగుతున్న మనిషి. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరికీ గుర్తులేదు.

మూలన స్టూలు మీద పదమూడేళ్ల కూతురు. తొమ్మిదో ఏట మసకతో మొదలై చూపు పూర్తిగా పోయింది. నాలుగు గంటల బస్సుకి అంధుల బడికి వెళ్లాలి. బస్సు బోల్తా పడుతుందేమో, మెట్ల మీంచి జారుతుందేమో, వేడినీళ్లు ఒంటిమీద పోసుకుంటుందేమో అని తల్లికి పొద్దుటినుంచి ముద్ద దిగలేదు. అవన్నీ ఒక ఎత్తు, పిల్ల ఇప్పుడడిగిన మాట ఒక ఎత్తు.

"అమ్మా, వెలుగున్నచోటే దేవుడుంటాడని పాస్టరుగారు చెప్పారు. మరి నాతో రాడా? అలాగైతే నేను వెళ్లను."

నూట నలభై. ఆమె లెక్కే పెడుతోంది.

తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఏమిటమ్మా, పిల్లను చీకట్లో కూర్చోబెట్టావ్?" పాస్టరుగారు. దగ్గు తగ్గక ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, పనిలో పనిగా పిల్లకి ప్రార్థన చేసి పంపుదామని వచ్చారు. "చీకటి సాతానుది. వెలుగులోకి తీసుకురా."

ఆమె తొట్టిలోంచి ఫిల్ము ఎత్తింది. చూస్తుండగానే అది నల్లబడిపోయింది.

"ఇదెవరిదో తెలుసా అయ్యగారూ? మీదే. మీ గుండె, ఊపిరితిత్తులు, అన్నీ వెలుగు తగిలి మాడిపోయాయి. వెళ్లి మళ్లీ తీయించుకోండి."

ఆయన నోరు తెరిచారు. జన్మలో ఆయనకు ఎదురుచెప్పని మనిషి గొంతు లేచింది.

"సృష్టికి ముందు ఏమున్నాయండీ? నీళ్లు, చీకటి. ఆ నీళ్ల మీద దేవుడి ఆత్మ. వెలుగు తర్వాత కదా పుట్టింది! అంతవరకూ ఆయన ఎక్కడున్నాడు, వరండాలోనా?"

"వెలుగునే మంచిదన్నాడమ్మా. చీకటిని అనలేదు."

"అనలేదు. పారెయ్యనూ లేదు. రాత్రి అని పేరు పెట్టాడు. పేరు పెట్టుకున్నదాన్ని ఎవరైనా పరాయిదంటారా? మొదటి రోజు లెక్క కూడా సాయంత్రం నుంచే మొదలుపెట్టాడు. నా బిడ్డ దేవుడు లేనిచోట ఉందని మాత్రం అనకండి. అంటే మీ ప్రార్థన నాకొద్దు. తలుపు వేసి వెళ్లండి."

తలుపు మూసుకుంది. ఆమె పాడైన ఫిల్మును బుట్టలో పడేసింది. అయిపోయింది, ఇక సంఘంలోంచి వెలేస్తారు అనుకుంది. కుళాయి చుక్కచుక్కగా కారుతోంది.

"నీళ్లు," అంది పిల్ల. "చీకటి." కాసేపు విని నవ్వింది. "అయితే ఆయనా ఇక్కడే ఉన్నాడన్నమాట. పదమ్మా, బస్సు పోతుంది."

బస్సులో పిల్ల కిటికీ పక్కన, పక్కసీట్లో ఆ బడి హాస్టలు టీచరమ్మ. ఆఖరి నిమిషంలో తల్లి గాభరాగా దుకాణానికి పరిగెత్తి, టార్చి కొనుక్కొచ్చి లోపలికి అందించింది. పిల్ల దాన్ని తడిమి ఫక్కున నవ్వింది.

"నాకెందుకమ్మా? కరెంటు పోతే తడుముకునేది నువ్వు. నువ్వే ఉంచుకో."

బస్సు కదిలింది. పిల్ల చెయ్యి ఊపుతోంది, తల్లి ఉన్నవైపు కాదు, కాస్త పక్కకి. ఆమె టార్చి బల్ల మీద పెట్టి, ఆ పక్కకి జరిగి నిలబడింది.

ఆమె వెళ్లిపోయాక బస్టాండు బల్ల మీద టార్చి మిగిలింది. కొన్నప్పుడు చూడ్డానికి నొక్కిన మీట ఆర్పనే లేదు. నాలుగింటి ఎండలో, ఎవరికీ కనపడకుండా, అది వెలుగుతూనే ఉంది.