ఉప్పు సరిపోయింది

పందొమ్మిది వందల ఎనభై ఒకటి, ఫిబ్రవరి పద్నాలుగు, శనివారం. ఆ మధ్యాహ్నం బాపట్లలో నరహరి గారింట్లో చిక్కుడుకాయ కూర, మునక్కాడల పులుసు తిన్నారు. వాళ్లు చేతులు కడుక్కునే వేళకు రిక్షాలోంచి నన్ను గడ్డితో సహా దించారు. నేను ఒక జాడీని. మెడ, భుజాలు కాఫీగింజ రంగు. అక్కణ్ణుంచి కిందికంతా మీగడ రంగు.

మన్నుగా ఉన్నప్పటి సంగతులు నాకు గుర్తు లేవు. బట్టీ వేడి మాత్రం గుర్తుంది. నాతోపాటు కాలినవాటిలో నాలుగు పగిలాయి. నేనెందుకు పగల్లేదో తెలియదు. అందులో నా గొప్పేమీ లేదు. బట్టీ నుంచి కొట్టుకు, కొట్టు నుంచి నరహరి గారి తల్లి శేషమ్మ గారి చేతికి వచ్చాను. ఆవిడ నాలుగేళ్లు వాడుకుని, ఒకరోజు కోడలు రాజ్యాన్ని పిలిచి, "ఇక ఇది నీదేనే. తడి తగలనీకు, అంతే" అని అప్పగించారు. బీరువా తాళాలు అప్పగించడానికి మాత్రం ఇంకో ఆరేళ్లు పట్టింది.

అప్పటినుంచి ఏటా మాఘమాసం చివర, పెరట్లోకి మామిడిపూత వాసన వచ్చే రోజుల్లో, నాలో పండుమిరపకాయ పచ్చడి పడుతుంది. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పచ్చడి కలిపినవాళ్లు దాని రుచి చూడరు. ఇంకొకరు చూసి ఉప్పు సంగతి చెప్పాలి. రాజ్యం కలిపేది. నరహరి గారు వేలికొసతో నాలుక్కి రాసుకుని, "సరిపోయింది" అనేవారు. ఏటా అదే మాట. ఒక ఏడు ఆమె మరిచిపోయి ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ ఏడూ ఆయన "సరిపోయింది" అనే అన్నారు. ఏడాదంతా ముద్దకు రెండింతలు నెయ్యి వేసుకుని మారుమాట లేకుండా తిన్నారు. ఆమే వడ్డించింది, ఆమే తిన్నది కూడా. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనుషులకు నెయ్యి ఇలా కూడా పనికొస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ ఏడు రాజ్యం గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదన్నారు డాక్టర్లు. నెలాఖరులోగా గుంటూరులో ఆపరేషన్ చేయించాలన్నారు. రెండు తేదీలిచ్చారు. రెండూ ఆమె దాటేసింది.

"పచ్చడి పడకుండా నేను కదలను."

"పచ్చడి కొనుక్కోవచ్చు రాజ్యం."

"నేను లేనప్పుడు కొనుక్కుందురు గాని. ఇంకా ఉన్నాగా!"

ఆమె భయం పచ్చడి గురించి కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ పచ్చడైతే పెట్టొచ్చు. భయాన్ని ఏం చేస్తారు? అందుకే ఆయన, "సరే, నేను పెడతాను. నువ్వు చూసి బాగుందన్నాక బయల్దేరదాం" అన్నారు.

"బాగుంటేనే" అంది ఆమె.

పక్కింటి సులోచన నాలుగు కిలోల పండుమిరపకాయలు తెచ్చిపెట్టి, గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఏంటి అన్నయ్యగారూ, పచ్చడి పెడుతున్నారా, ప్రయోగం చేస్తున్నారా?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నరహరి గారు కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పారు. మిరపకాయలు కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, ఒక్కొక్క తొడిమా ఒకే కొలతకు తుంచారు. ఉప్పు తూకం వేశారు. రాజ్యం ముక్కాలిపీట మీద కూర్చుని ఆయాసపడుతూనే చెబుతోంది. ఆమె చెప్పినట్టే నన్ను రెండు రోజులు ఎండలో పెట్టారు. ఎండకు ఎముకల దాకా ఆరిపోయాను, నాకు ఎముకలుంటే.

మూడో రోజు పొద్దున ఆమె మందు వేసుకుని పడుకుంది. చింతపండు, ఉప్పు వేసి నూరిన ముద్ద పళ్లెంలో సిద్ధంగా ఉంది. ఆయన నాలోకి తొంగి చూశారు. అడుగున కాస్త దుమ్ము. వాడబోయే గాజుసామాను ముందు ఒకసారి తొలుచుకోవాలని ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటారో! కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చి నన్ను తొలిచి, ఉతికిన తువ్వాలుతో తుడిచారు. ఎంతో శుభ్రంగా, ఎంతో ప్రేమగా. నా అడుగు అంచున, వేలు అందని చోట, చెంచాడు తడి ఉండిపోయింది.

ఆయన ముద్ద ఎత్తి వేస్తుంటే వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నదంతా మూతే. దాని మీద గుడ్డ కట్టేశారు.

మూడు రోజులకు, మెంతిపొడి వేసి తిరగ నూరడానికి గుడ్డ విప్పారు. మిరపఘాటుకు తుమ్మి తుమ్మి ఆయన ముక్కు మూసుకుపోయి ఉంది. నా లోపలి గోడ పక్కన సన్నటి తెల్లటి పొర.

"చూశావా, ఉప్పు తేలింది. స్ఫటికాలు!" అన్నారు సంబరంగా.

రాజ్యం నామీదికి వంగింది. వీధి చివర ఎవరింట్లో పప్పు మాడినా ఇక్కణ్ణుంచే చెప్పే ముక్కు ఆమెది. వంగినది వంగినట్టే కాసేపు ఆగింది. తెల్లటి పొరను చూసింది. ఆయన చేతుల్ని చూసింది; మిరపకారానికి వేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఉప్పు ముట్టొద్దన్నారు డాక్టర్లు. అయినా వేలికొసతో నాలుక్కి రాసుకుంది.

"సరిపోయింది" అంది. "పదండి, రేపే వెళ్దాం. తిరగ నూరడం వచ్చాక చూసుకుందాం."

ఆయన పిల్లాడిలా పొంగిపోయారు. మర్నాడు సులోచననూ తోడు తీసుకుని కారులో వెళ్లారు. నేను వంటింటి అరుగు మీద, నాలో పెరుగుతున్నదాన్ని ఆపలేక, అలాగే ఉన్నాను.

నాలుగో రోజు సాయంత్రం నరహరి గారు బట్టల కోసం ఒక్కరే వచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్. సులోచన ఆసుపత్రిలో ఆమె దగ్గర ఉంది. ఆయన కుక్కర్లో గుప్పెడు అన్నం వండుకుని నా గుడ్డ విప్పారు. జలుబు తగ్గినట్టుంది, విప్పగానే మొహం పక్కకు తిప్పుకున్నారు. లైటు వేసి మళ్లీ చూశారు. తెల్లటి పొరకు నూగు వచ్చింది. స్ఫటికాలకు నూగు రాదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముక్కాలిపీట మీద కూలబడ్డారు. ఆమె ఎంతసేపు వంగి ఉందో గుర్తొచ్చిందనుకుంటాను. మనిషి అలా కూర్చుంటే ఒక చెయ్యి వేయాలి. నాకు చేతులు లేవు.

ఫోను మోగింది.

"తిన్నారా?" రాజ్యం గొంతు పీలగా ఉంది.

"తింటున్నా."

"జాడీ చూశారా?"

"చూశాను."

"ఎట్లా ఉంది?"

ఆయన నాలోకే చూశారు. "బాగుంది రాజ్యం. ఉప్పు సరిపోయింది" అన్నారు.

అవతల చిన్నగా నవ్వు. "నెయ్యి గిన్నె పై గూట్లో ఉంది. కాస్త ఎక్కువే వేసుకోండి" అంది.

ఆయన నెయ్యి తెచ్చుకున్నారు. వట్టి అన్నంలో వేసుకుని, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నారు. తర్వాత నా మూతి మీద గుడ్డ కప్పి, ఆమె కట్టే ముడి వేయాలని రెండుసార్లు చూశారు. రాలేదు. తెలిసిన ముడే వేశారు. పారబోస్తారేమో అనుకున్నాను. పారబోయలేదు.

రేపు ఆ కవాటం మూసుకుంటుందో లేదో నాకు తెలియదు. నా కడుపులో ఉన్నదాన్నే కాపాడలేకపోయినదాన్ని.

బస్సుకు వేళయింది. ఆయన బట్టల సంచి భుజాన వేసుకుని, లైటు తీసేసి, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు, వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూశారు.