గలీబుల పాటకు చార్టు

చేతి గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషిని బజారంతా సెకండు ముల్లు అనే పిలుస్తుంది. మనిషి సన్నం, నడక చురుకు, ఆలస్యాన్ని క్షమించే గుణం ఒంట్లోనే లేదు. ఎవరైనా "ఇప్పుడే వస్తా" అంటే "ఇప్పుడంటే ఎన్నింటికి" అని అడిగే రకం.

అలాంటివాడికి గిటారంటే ప్రాణం. ముప్ఫై ఏళ్ళుగా వాయిస్తున్నాడు కానీ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. తీగలు కలిపి నొక్కి మోగించే కార్డ్స్‌కి పుస్తకాల్లో ఏవో పేర్లున్నాయని విన్నాడు గానీ ఆ జోలికి పోకుండా సొంత పేర్లు పెట్టుకున్నాడు. వేలు ఎంత సాగదీసినా అందనిది కుంటిది. వింటే గుండె బరువెక్కేది ఏడుపుది. ఇల్లు చేరినట్టుండేది ఇంటిది. ఈ మూడింటితో ఆయన సంసారం హాయిగా సాగిపోతోంది.

చిక్కంతా అక్క వల్ల వచ్చింది. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. ఈ శుక్రవారం మధ్యాహ్నంతో రిటైరవుతుంది. ఆ రోజు వీడ్కోలు సభలో అందరి ముందూ గలీబుల పాట పాడమని తోటివాళ్ళు పట్టుబట్టారు. ఆ పాట ఆవిడ సొంతంగా కట్టుకున్నదే. పనిలో పాడుతుంది, ఇంట్లో తమ్ముడి గిటారుతో పాడుతుంది, మైకు మాత్రం జన్మలో ముట్టుకోలేదు. ఏ సభ జరిగినా కుర్చీలు వేసి వెనక నిలబడే మనిషి. పది రోజులు బతిమాలితే, "సరేలే, తమ్ముడు పక్కన వాయిస్తే పాడతా" అంది. ఆ ఒక్క మాటతో సెకండు ముల్లు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

కీబోర్డు వాయిస్తానని ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవర్ ముందుకొచ్చాడు. "పాట నాకు తెలీదు సార్. చార్టు పంపితే చూసి వాయించేస్తా" అన్నాడు. చార్టంటే, పాట మాటలు రాసి, ఏ మాట దగ్గర ఏ కార్డ్ పట్టాలో పైన అక్షరాలు పెట్టిన కాగితం. అక్క కట్టిన పాటకు లోకంలో ఎక్కడా చార్టు దొరకదు కాబట్టి అది తయారుచేసే భారం తమ్ముడి నెత్తిన పడింది.

అక్క కూతురు చంటిపిల్లల బడిలో టీచరు. మావయ్య ఫోనులో సంగీతం సాధన చేసే యాప్ ఒకటి పెట్టి, బడిపిల్లలకు చెప్పినట్టే మొదలుపెట్టింది.

"ముందు పాట మాటలు టైప్ చెయ్యి, మావయ్యా. ఇప్పుడు మొదటి మాట మీద వేలు నొక్కి పట్టుకో. పెట్టె వచ్చిందా? అందులో కార్డ్ పేరు రాయి."

ఆయన నాలుక కొంచెం బయటపెట్టి శ్రద్ధగా రాశాడు. యాప్ ఎర్రగా మెరిసింది.

"ఏం రాశావ్?"

"ఇంటిది."

మేనకోడలు పడీ పడీ నవ్వింది. "మనింట్లో చెల్లుతుంది గానీ దానికి తెలీదు మావయ్యా. నీ ఇంటిది సి. ఏడుపుది ఎ మైనర్. కుంటిది ఎఫ్."

"నా కుంటిదానికి ఒక్క అక్షరమేనా?" అని ఆయన నొచ్చుకున్నాడు. అయినా పట్టు వదల్లేదు. ఆవగింజంత మరలు బిగించే వేళ్ళు ఫోను మీద మాత్రం ఒకటి నొక్కబోయి రెండు నొక్కాయి. ఒకసారి పాట మొత్తం చెరిగిపోయింది. మూడో రోజుకు నాలుగు లైన్లూ పూర్తయ్యాయి. లైనుకు నాలుగు గళ్ళు, గడికి నాలుగు తాళం దెబ్బలు. వేగం నిమిషానికి అరవై అని పెట్టాడు. సెకనుకొక దెబ్బ, ఆయనకు అంతకన్నా మర్యాదైన వేగం లేదు. మీట నొక్కగానే యాప్ టిక్కుటిక్కుమంటూ లైన్లను పైకి జరుపుకుంటూ పోయింది. మేనకోడలు ఆయన చేతి మీద నక్షత్రం బొమ్మ అంటించింది. దాన్ని తియ్యకుండానే షాపుకెళ్ళాడు.

మంగళవారం సాయంత్రం అక్క ముందుగదిలో రిహార్సల్. డ్రైవర్ కీబోర్డు ముందు ఫోను ఆనించుకున్నాడు. సెకండు ముల్లు తన ఫోను మోకాలి మీద పెట్టుకుని దాంట్లోంచి కన్ను తియ్యలేదు. అక్క గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

*తెల్లని గలీబూ, మెత్తని గలీబూ,*
*ఏ తలకు నిద్దర ఇస్తావో...*

అని ఆగింది. యాప్ ఆగలేదు. డ్రైవర్ చార్టు ప్రకారం మూడో లైనుకు వెళ్ళిపోయాడు, తమ్ముడూ వెళ్ళిపోయాడు. ఆవిడ మూడో లైను అందుకునేసరికి వాళ్ళు ఆ లైను సగానికి వచ్చేశారు. మళ్ళీ పాడారు, మళ్ళీ అంతే. నాలుగోసారికి తమ్ముడికి విసుగొచ్చింది.

"అక్కా, నువ్వే ఆలస్యం. లెక్క ప్రకారం పాడాలి. ఊరికే ఆగిపోతావేంటి?"

ఆవిడ లోపలికెళ్ళి అందరికీ టీ పెట్టింది. కప్పులు అందించాక మెల్లగా అంది. "ఆడలేక మద్దెల ఓడందని సామెత. నాకు లెక్క రాకపోతే మీ యాప్‌ని అనడం ఎందుకు? శుక్రవారం పాటొద్దులే. కుర్చీలు వేస్తా."

కూతురు బతిమాలింది. డ్రైవర్ బతిమాలాడు. ఆవిడ నవ్వుతూనే కప్పులు కడుక్కుంది. సెకండు ముల్లుకు ఆ నవ్వు చూస్తే సిగ్గేసింది. పది రోజులు బతిమాలి ముందుకు తెచ్చిన మనిషిని ఒక్క మాటతో వెనక్కి నెట్టాడు. ఆవిడ అందరి ముందూ నిలబడే రోజు ఇంకోటి రాదు.

మర్నాడు పొద్దున్నే షాపు తలుపుకు తాళం వేసి, బతిమాలుకోవడానికి లాండ్రీకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో గేటు దాటి లోపలికి రావడం అదే మొదలు. గది నిండా ఆవిరి. అక్క తలుపుకు వీపు పెట్టి ఆవిరి ఇస్త్రీ ప్రెస్ ముందు నిలబడి ఉంది. పలక మీద గలీబు పరిచి మూత లాగింది. ఉస్సుమని ఆవిరి కొట్టి మూత బిగుసుకుంది. కాసేపటికి దానంతట అదే లేచింది. ఆవిడ గలీబు తీసి మడతపెడుతూ, ఇంకోటి పరుస్తూ, తనకు తెలియకుండానే పాడుతోంది. రెండో లైను అయ్యేసరికి చెయ్యి మూత లాగింది. ఉస్స్. ఆవిడ ఆగింది. మూత లేవగానే మూడో లైను ఎత్తుకుంది.

సెకండు ముల్లు నోరు తెరుచుకు నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి స్టాప్‌వాచ్ తీశాడు. ఏడు సెకన్లు. ఇంకో గలీబు, ఏడు. ఇంకోటి, ఏడు.

నిన్నటి రిహార్సల్‌ను యాప్ రికార్డు చేసి పెట్టింది. బయట గోడవారకు వెళ్ళి, ఫోను చెవికి ఆనించుకుని, అక్క ఆగిన చోట లెక్కపెట్టాడు. నాలుగు సార్లూ ఏడే. పక్కన ప్రెస్ లేదు, మూత లేదు, ఆవిరి లేదు. ఆయన షాపులో ఇంత నిక్కచ్చిగా నడిచే గడియారాలు పట్టుమని పది లేవు.

మరి ఇన్నేళ్ళూ ఇంట్లో తనెలా వాయించాడు? అప్పుడు తట్టింది. రెండో లైను కాగానే తీగల మీద చెయ్యి ఆపి అక్క గడ్డం వైపు చూసేవాడు. గడ్డం లేస్తే మళ్ళీ మీటేవాడు. నిన్న ఫోను చూస్తూ కూర్చున్నాడు, అక్కను చూడలేదు.

మళ్ళీ లోపలికెళ్ళాడు. అక్క తిరిగి చూసి కంగారుపడింది. "ఏంట్రా, షాపు మూసొచ్చావా? ఒంట్లో బాగుందా?"

"బానే ఉంది. అక్కా, ఈ మూత ఎంతసేపుంటుంది?"

"ఉండాల్సినంతసేపు ఉంటుంది. దాని పని అయ్యాక లేస్తుంది. నేనేమన్నా గడియారం పెట్టుకు చూశానా?"

"నేను చూశా. ఏడు సెకన్లు. నువ్వు ఇంట్లో ఆగిందీ ఏడే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నీ లెక్క తప్పలేదక్కా. అది రాయకపోవడం నా తప్పు."

అక్క ప్రెస్ వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. "దీనికోసమా నేను ఆగేది?" అంది. తర్వాత చేతిలో గలీబుతోనే కళ్ళు తుడుచుకుంది. అది ఉతికిన గలీబని గుర్తొచ్చి, నవ్వుకుంటూ మాసినవాటిలో పడేసింది.

"ఆ డ్రైవర్ బాబు మళ్ళీ ముందుకెళ్ళిపోతాడేమో" అంది. పాడనన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఆయనకి రాసిస్తా" అన్నాడు తమ్ముడు.

గేటు బయట నిలబడి మేనకోడలికి ఫోన్ చేశాడు. ఆమె పిల్లల గోల మధ్యలోంచే అరిచి చెప్పింది. "రెండో లైను తర్వాత కొత్త గడి పెట్టు. దాని మీద నొక్కి పట్టుకో. లెక్క నాలుగు తీసేసి ఏడు పెట్టు. కార్డ్ ఏమీ రాయకు. ఖాళీని కూడా రాయాలి మావయ్యా, లేకపోతే దానికి తెలీదు." ఈసారి ఆయన వేలు తడబడలేదు. ఖాళీ గడి కింద ఒక మాట కూడా రాశాడు: "మూత లేచేదాకా ఆగండి."

శుక్రవారం ఆసుపత్రి క్యాంటీన్ నిండిపోయింది. లాండ్రీ వాళ్ళంతా ముందు వరసలో కూర్చున్నారు. అక్క మైకును రెండు చేతులా పట్టుకుంది. తమ్ముడి వైపు చూసి ఎత్తుకుంది. మొదటి లైను అయింది, రెండో లైను అయింది. చార్టులో ఖాళీ గడి వచ్చింది. డ్రైవర్ కీబోర్డు మీంచి చేతులు తీశాడు. సెకండు ముల్లు తీగల మీద చెయ్యి ఆపాడు. పాట మర్చిపోయిందేమోనని వెనక వరసల్లో జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

అప్పుడు లాండ్రీ వరస మొత్తం ఒక్క గొంతుతో "ఉస్స్‌స్" అంది. పదకొండు మంది కుడిచేతులు గాల్లో మూతలు కిందికి లాగి పట్టుకున్నాయి. వాళ్ళకెవరూ చార్టు పంపలేదు, చెప్పనూ లేదు. సెకండు ముల్లు ఫోను చూడలేదు, సెకన్లు లెక్కపెట్టలేదు, అక్క గడ్డమే చూస్తున్నాడు. చేతులన్నీ ఒక్కసారి పైకి లేచాయి, ఆవిడ గడ్డమూ లేచింది.

*నిద్దర పట్టని తల ఉంటే*
*నా పేరు చెప్పి జోకొట్టు.*