కర్రల చోట నిలబడిన మనుషులు

ఎండాకాలంలో వచ్చి చూసి, నీళ్లు లేవు కాబట్టి ఇది బీడు అని మీ ఆఫీసు పటంలో రాసింది మీరే. ఫ్యాను కింద కూర్చుని ఆ మాట రాసినవాళ్లూ, దాన్ని పట్టుకుని లారీలు తోలించిన కాంట్రాక్టరూ, తెలిసి కూడా నోరు మెదపని పెద్దమనుషులూ, అందరూ కలిసే తుంగచెరువు గొంతు మీద కాలు పెట్టారు. మే నెలలో మీ పెరట్లో బావి ఎండితే అది బావి కాదని పూడ్చేస్తారా? పూడ్చరు. అది మీ బావి కాబట్టి. ఇది మా చెరువు కాబట్టి పూడ్చొచ్చు.

తిట్టడానికే అయితే ఇంత కాగితం అక్కర్లేదు. ఒక మనిషికి దండం పెట్టడానికి రాస్తున్నాను. తిట్టు ముందు వచ్చింది. నా నోరు అంతే.

అలిపిరి నుంచి కొండ అంచు పట్టుకుని కొంతదూరం పోతే మా నాగులమిట్ట. కొండ మీద పడిన వాన వంకల్లో దూకుతూ వచ్చి మా తుంగచెరువులో పడుతుంది. నేరుగా పడదు. చెరువుకు పైతట్టున నిలువెత్తు జమ్ము పెరిగిన మడుగు ఒకటి ఉంది. కొండనీళ్లు ముందు ఆ మడుగులోకి వచ్చి, కాసేపు నిలబడి, తర్వాత చెరువులోకి దిగుతాయి. మా తాయమ్మ ఆ జమ్ము కోసి చాపలు అల్లుతుంది. చెరువు కింద మడికట్లున్న కుప్పయ్య ఆ నీళ్లతో వరి పండిస్తాడు. నా సైకిల్ షాపులో ట్యూబులు ముంచి పంక్చర్ చూసే బానలో నీళ్లు కూడా అవే.

ఎనభై ఒకటో సంవత్సరం కార్తీకంలో ఏకాంబరం అనే ఆయన మా ఊరికి రావడం మొదలుపెట్టాడు. చిత్తూరు కాలేజీలో చెట్టూచేమల పాఠం చెప్పే మాస్టరు. ఆదివారం పూట పూతలపట్టు మీదుగా వచ్చే బస్సు దిగి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, మడుగులోకి దిగేవాడు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ ఒక వెదురు కర్ర పాతి, దాని కొసకు ఎర్రగుడ్డ కట్టేవాడు. జమ్ము చీల్చి చూసేవాడు, బురద వాసన చూసేవాడు.

"ఏం సారూ, జలగలకు అన్నదానమా?" అని తాయమ్మ ఒడ్డు మీద నుంచి అడిగింది.

"అవీ బతకాల గదా తాయమ్మా."

"బతకనీ. మా కాళ్లు తిని తిని రుసి మరిసిపోయినాయి. చిత్తూరు నెత్తురు కొత్తగా ఉంటాది."

ఆయన నవ్వాడు. జమ్ములో నుంచి నల్లటి నీటికోడి ఒకటి బయటికి వచ్చి, మనుషులను చూసి మళ్లీ దూరింది. దాని నుదుటి మీద తెల్లటి మచ్చ. "నామంకోడి," అన్నాడాయన. తాయమ్మ చర్చికి పోయే మనిషి. "ఈ ఊర్లో పిట్టలు కూడా మీ పక్షమే సారూ," అంది.

నాకు మాత్రం ఆయన పని అర్థం కాలేదు. అడిగాను. "మీ ఇంట్లో పిండి జల్లిస్తారు గదప్పా, ఈ మడుగు చెరువుకు జల్లెడ. కొండ నుంచి వచ్చే మన్ను ఈడ ఆగిపోతాది, నీళ్లు మాత్రం పోతాయి. ఇది పోతే మీ చెరువు చెరువుగా ఉండదు, మన్ను నిండిన పళ్లెం అవుతాది," అన్నాడు. విన్నాను. పదిమందికీ చెప్పాను. ఎవరి పనుల్లో వాళ్లు ఉన్నారు. చెరువు నిండుగా ఉన్నప్పుడు చెరువు గురించి ఎవరు వింటారు.

వేసవికి మడుగు అంచులు ఎండాయి. యాత్రికుల బస్సులు నిలపడానికి చోటు కావాలని, రోడ్డు పక్కన కాస్త నేల చదును చేసే పని దేవరాజులు అనే కాంట్రాక్టరుకు వచ్చింది. వాడి మేస్త్రీ మా ఊరి టీకొట్టులో కూర్చుని, మడుగు ఎండినా అంచుల్లో అట్లాగే నిలిచిన ఎర్రగుడ్డలు చూపించాడు.

"ఆ కర్రలు సూసినారా? ఆడిదాకా మట్టి పోస్తాం. మీ చిత్తూరు సారే కొలత ఏసిచ్చినాడు."

నేను ఆ రోజు రేణిగుంటలో టైర్లకు పోయి ఉన్నాను. ఉన్నా ఏం చేసేవాణ్నో. ఊరంతా ఆ మాట నమ్మింది. చదువుకున్నవాడు కర్ర పాతితే, ఆ తర్వాత అక్కడికి ఇటుకల లారీ వస్తుంది. మా జన్మలో మేం చూసింది అదే. తెల్లారేసరికి కుప్పయ్య ముందు నడిచాడు, వెనక ఆడామగా. మడుగు చుట్టూ ఉన్న కర్రలన్నీ పీకేశారు. ఊరికే పారెయ్యలేదు. గంగజాతర వారం అది. ఎండిన వెదురు బాగా మండుతుందని అమ్మవారి పొంగలి కుండ కింద పెట్టారు.

తిరుపతి గంగజాతరలో వేషం వేసినవాడికి ఎవరినైనా తిట్టే హక్కుంటుంది. తిట్టేది మనిషి కాదు, తల్లి. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు. కుప్పయ్య ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకుని తిరుపతి వీధుల్లో తిరుగుతున్నాడు. సైకిల్ నడిపించుకుంటూ నేను పక్కనే ఉన్నాను. అప్పుడు ఎదురుగా, చంకలో సంచితో, ఏకాంబరం సారు.

"వచ్చినాడ్రా మట్టి మింగేవాడు," అని కుప్పయ్య దారికి అడ్డం నిలబడ్డాడు. "నీ కుండలో నీళ్లకు బదులు మన్ను ఉండ. నీ గొంతు ఆరిపోతే దుమ్ము తాగ. మా చెరువుకు గోరీ కట్టేదానికి కర్రలు పాతినావు గదరా, నీ చేతులు మొద్దుబార." ఇక్కడ రాయగలిగినవి ఇవి. మిగతావి తల్లికి చెందినవి. తిడుతూ వేపమండతో భుజాల మీద చరిచాడు.

ఆయన సంచి కింద పెట్టాడు. చేతులు జోడించి తల వంచాడు. మండ ఆగేదాకా కదల్లేదు.

"తిట్టు తల్లీ, తిట్టించుకుంటే మంచిదే అంటారు," అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "వేషం కాసేపు పక్కన పెట్టి చెప్పు కుప్పయ్యా. ఎందుకు?"

కుప్పయ్య చెప్పాడు. మేస్త్రీ మాట, కర్రలు, పొంగలి, అన్నీ. ఏకాంబరం ఒక అరుగు మీద కూర్చుండిపోయాడు.

"అవి మట్టి పోసేదానికి పాతినవి కాదప్పా. వద్దని చెప్పేదానికి. వానల్లో నీళ్లు ఆడిదాకా నిలిచినాయని చూపించేదానికి. నా అర్జీ మీద శుక్రవారం చిత్తూరు నుంచి ఆఫీసరు వస్తా ఉండాడు."

కుప్పయ్య ముఖం మీద బొగ్గు చెమటకు కారిపోయింది. "పొంగలి బాగా పొంగింది సారూ," అన్నాడు.

ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నేనైతే ఊరంతటినీ నిలబెట్టి కడిగేసేవాణ్ని. మరుసటి రోజే మడుగుకు వచ్చాడు. నెర్రెలు విచ్చిన బురదలో కర్రల గుంతలు అట్లాగే ఉన్నాయి. కొత్త కర్రలు పాతుదామని నేనన్నాను.

"వద్దు. నిన్న పాతినవని దేవరాజులు అంటాడు. వాడు అనేది నిజమే అవుతాది," అన్నాడు ఏకాంబరం.

తాయమ్మ కొడవలి చంకలో పెట్టుకుని గుంతల వైపు చూస్తోంది. "నేను పీకింది నాకు తెలుసు. అదిగో, నా జమ్ముమోళ్ల పక్కన. ఎవురు పీకింది వాళ్లకు తెలీదా? పీకినోళ్లే పోయి ఆడ నిలబడాల. కర్ర మాట్లాడదు, మేం మాట్లాడతాం గదా."

శుక్రవారం ఆఫీసరు జీపు దిగేసరికి మడుగు చుట్టూ మనుషులు. ఎవరి గుంత మీద వాళ్లు కాళ్లు పెట్టి, ఎండలో, తలల మీద తువ్వాళ్లతో. ఏకాంబరం ఆఫీసరును ఒక్కొక్కరి దగ్గరికీ నడిపించాడు. ప్రతి మనిషికీ ఒక పక్క నీళ్లు నిలిచిన నల్లబురదలో జమ్మువేర్లు, ఇంకో పక్క ఎర్రనేలలో గరిక. ఎవరినడిగినా ఒకటే మాట: "ఈడ కర్ర ఉన్నింది. నేనే పీకినాను."

"అంతా జాతర వేషాలు సార్," అన్నాడు దేవరాజులు.

ఆఫీసరు కుప్పయ్య ముందు ఆగాడు. "ఎందుకు పీకావు?"

"ఈడిదాకా మట్టి పోస్తామని ఆ మేస్త్రీ చెప్పినాడు సార్. అందుకే పీకినాం. తప్పే."

"ఇక్కడిదాకానా?" ఆఫీసరు వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. రోడ్డు చాలా దూరంలో ఉంది. "మీకు ఇచ్చింది రోడ్డు పక్క చోటు కదా దేవరాజులూ. వీళ్లతో ఇక్కడిదాకా అని ఎందుకు చెప్పించారు?"

దేవరాజులు మేస్త్రీని చూశాడు. మేస్త్రీ జీపును చూశాడు.

వానలు వచ్చి నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చూసేవరకు ఒక తట్ట మట్టి కూడా పడకూడదని ఆఫీసరు అక్కడే చెప్పి వెళ్లాడు. మా తప్పే మా సాక్ష్యమైంది. ఏకాంబరం ముందుగా మా మీద అరిచి ఉంటే ఆ మనుషుల్లో ఒక్కడు కూడా వచ్చి ఆ ఎండలో నిలబడి ఉండడు. ఇది నేను నేర్చుకున్న పాఠం. పాటించలేకపోతున్నాననేది వేరే సంగతి.

కార్తీకంలో కొండ ఉరిమింది. కుప్పయ్య గొడుగు లేకుండా పోయి తన గుంత చోట నిలబడ్డాడు. సాయంత్రానికి నీళ్లు వచ్చి అతని చీలమండలు ముట్టుకున్నాయి. "వచ్చినాయి సారూ," అని చిత్తూరు వైపు తిరిగి అరిచాడు, వినిపిస్తుందన్నట్టు. మట్టి పోసే పని ఆగిపోయింది. చెరువు నిండి మొరవ పోయిన రోజు ఊరివాళ్లు గంగమ్మకు పసుపూ కుంకుమా వేసి, తర్వాత ఏకాంబరానికి దండం పెట్టారు. ఆయన ఇబ్బందిపడి, జలగలు పట్టిన చోట కాలు గోక్కున్నాడు. తాయమ్మ జమ్ముచాప ఒకటి అల్లి ఇచ్చింది. "పడుకుంటే మా మడుగు వాసన వస్తాది సారూ, చిత్తూరులో నిద్ర పట్టకపోతే నన్ను తిట్టుకోవద్దు," అంది. ఆయన దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కడం చూశాను. ఈ రోజు నా బానలో నీళ్లున్నాయంటే ఆయన పుణ్యమే. ఆయన అడిగి ఉంటే ఊరు ఏమైనా ఇచ్చేది. ఏమీ అడగలేదు.

మీరు మాత్రం మాచేత అడిగిస్తున్నారు. ఇప్పుడు ఎనభై నాలుగు. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు. ఆయన మాట ఆయనతోనే పోయింది. పోయిన వారం నుంచి మడుగు ఉత్తరపు పక్క మళ్లీ లారీలు దిగుతున్నాయి. అడిగితే, హద్దు ఎక్కడుంది చూపించండి అంటున్నారు.

చూపిస్తాం. మనుషులు నిలబడిన చోట రాళ్లు నాటండి. కుప్పయ్య చోట ఒకటి, తాయమ్మ చోట ఒకటి, ప్రతి గుంతకూ ఒకటి. మీ పటంలో 'బీడు' అన్న మాట కొట్టేసి 'చెరువు' అని రాయండి. పోసిన మట్టి మీ లారీలతోనే ఎత్తుకుపోండి. ఈ కార్తీకం వానలు మొదలుకాకముందే జరగాలి. రాయి పడేదాకా ఆ గుంతల చోట మేం నిలబడే ఉంటాం.