నాణెం మీది వేలిముద్ర

పినాంగ్‌లో పళ్ల డాక్టరుగా పనిచేసి మానుకున్న బూన్ లియాట్ ప్రాణమంతా ఒక ఇనప్పెట్టెలో ఉండేది. అందులోవి ప్రూఫ్ బంగారు నాణేలు. బజారులో చెలామణి కోసం కాక, చూసి మురిసిపోవడానికే టంకశాల ప్రత్యేకంగా ముద్రించినవి. నాణెం ఒళ్లు అద్దంలా, దానిమీది బొమ్మ పొగమంచులా ఉంటుంది. ఉత్తచేత్తో ముట్టుకుంటే ఆ చెమట కొన్నాళ్లకు గోధుమరంగు మచ్చై తేలుతుంది. తుడవబోతే గీతలు పడతాయి. అందుకే ఆయన నూలు తొడుగులు వేసుకుని, అంచులు పట్టుకునే తీసేవాడు.

వానాకాలంలో ఒక ఉదయం, తేమ పీల్చే పొట్లాలు మార్చబోయి ఆగిపోయాడు. ఒక పాత నాణెం మీద, రాణి ముఖం ముందున్న నున్నటి జాగాలో, వేలిముద్ర.

తాళంచెవి ఎప్పుడూ ఆయన మెడలోనే ఉంటుంది. ఇంట్లో ఉండే రెండో మనిషి, భర్త పోయాక వచ్చి చేరిన చెల్లెలు గియోక్ చూ.

"నాణెం మీద వేలిముద్ర ఉంది. పెట్టె తెరిచావా?"

"నాకేం పని అన్నయ్యా? నీ బంగారం చారులో వేస్తే రుచొస్తుందా?" రొయ్యలు ఒలుస్తూ నవ్విందామె.

"స్నానానికి నేను మెడలోంచి తీసినప్పుడు తాళంచెవి పట్టుకెళ్లుంటావు."

ఆమె చేతులు ఆగాయి. "దొంగనంటున్నావా?"

ఆయన మెడలోని తాళంచెవిని గుప్పిట్లో బిగించుకున్నాడు. రొయ్యలు అలాగే వదిలేసి, ఆ సాయంత్రమే ఆమె తైపింగ్‌లోని కూతురింటికి బస్సెక్కింది.

ఆయన తలుపుకు కొత్త గడియ వేయించాడు. అయినా ఆర్పిన పొయ్యి వెలుగుతూ కనిపించేది. తొడుగులు బియ్యం డబ్బాలో దొరికాయి. చెల్లెలే దొంగచాటుగా వచ్చిపోతోందనుకున్నాడు.

వానలు తగ్గాక పెట్టె తెరిస్తే, ఇంకో నాణెం మీద ఇంకో ముద్ర. భూతద్దం పెట్టి చూశాడు. గీతలకు అడ్డంగా ఒక గాటు. ఒకప్పుడు పళ్ల డ్రిల్లు జారి తెగిన తన బొటనవేలిని పక్కన పెట్టి చూసుకున్నాడు. అదే గాటు. పెట్టె ఎప్పుడు తెరిచాడో, ఎందుకు తెరిచాడో, ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

"చూ, ఆ ముద్ర నాదే," అన్నాడు ఫోనులో. "నువ్వు రా. నాకు భయంగా ఉంది."

ఆమె దెప్పలేదు. "పొయ్యి జోలికి పోకు. బయల్దేరుతున్నా."

వచ్చీరాగానే తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "నేనడిగినా ఇవ్వకు."

కొన్నాళ్లు నెమ్మదిగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు మడతపెడుతుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. తల శుభ్రంగా దువ్వుకున్నాడు.

"అమ్మా, మీరు ఈ ఇంట్లో కొత్తా?" అన్నాడు మర్యాదగా. "ఒక్క మాట. మా చెల్లెల్ని మాత్రం లోపలికి రానివ్వకండి. దాని కళ్లన్నీ నా నాణేల మీదే."

గియోక్ చూ మడతపెడుతున్న చొక్కా ఒళ్లో పెట్టుకుంది.

"రానివ్వనండీ," అంది. "మీరు కూర్చోండి."