చేతికి సరిపోయే గ్లౌజులు

అంట్లు తోమే రబ్బరు గ్లౌజుల వేళ్ళ కొసలు కత్తిరిస్తుంటే మా ఆయన వెర్లిన్ చూశాడు. నిక్షేపంలాంటి గ్లౌజులు ఎందుకు తగలేస్తున్నావన్నాడు. బొంత కుట్టడానికి, గుడ్డ చేతుల్లోంచి జారిపోతోంది అన్నాను. "మా అమ్మ ఇంతమంది మనవలకి కుట్టింది. ఏ గ్లౌజులు తొడుక్కుందట?" అని కాఫీ కప్పు సింకులో పడేసి ట్రక్కు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎలాగూ నేనక్కడే ఉన్నాను కదా, కప్పు కడిగేశాను.

నిజానికి వాళ్ళమ్మ ఆర్డిత్ కుట్టేది పైగుడ్డ ఒక్కటే. రంగురంగుల ముక్కలు కత్తిరించి, అతికి, చక్కగా మడతపెట్టి నాకు పంపుతుంది. దానికింద దూది పొర, ఆ కింద అడుగుగుడ్డ పరిచి, పిన్నులు గుచ్చి, మూడు పొరలూ కలిసేలా ఈ మూల నుంచి ఆ మూలకి మిషను కుట్టు నడిపి బొంత చెయ్యడం నా వంతు. మా ఊళ్ళో పిల్లలు హైస్కూలు గట్టెక్కితే గరాజు ఊడ్చి విందు పెడతారు. ఒక బల్ల మీద మాంసం శాండ్‌విచ్‌లు, ఒక బల్ల మీద పిల్లల చిన్నప్పటి ఫొటోలు, మధ్యలో కుర్చీ మీద బామ్మ ఇచ్చిన బొంత. వచ్చినవాళ్ళందరూ దాన్ని తడిమి, ఆర్డిత్ చేతులు బంగారం అంటారు. ఆవిడ కాదనదు. నేనప్పుడు ఐసు ఉందో అయిపోయిందో చూడ్డానికి వెళతాను. ఈ మే నెలలో మా ఆడపడుచు జానెల్ కూతురు టెస్సా విందు.

ఈ కుట్టుకి, గుడ్డని ముందుకు నడిపే మిషను పళ్ళు కిందికి దించేస్తాం. ఇక గుడ్డ దానంతటది కదలదు. రెండు అరచేతులూ ఆనించి మనమే తిప్పాలి. చెయ్యి జారిందా, ఆకు గీద్దామనుకున్నచోట ముద్ద తయారవుతుంది, కూర్చుని విప్పుకోవాలి. ఈ శీతాకాలమంతా నాకు జారుతూనే ఉంది. స్కూలు వంటింట్లో పెద్దపెద్ద ట్రేలు కడిగీ కడిగీ చేతులు బండబారి ఉంటాయనుకున్నాను. అరచేతికి రబ్బరు పూసిన తోటపని గ్లౌజులు తెచ్చుకుంటే బాగానే పట్టాయి కానీ, మర్నాటికి వెర్లిన్ అవి వేసుకుని ట్రాక్టరు గ్రీజు పని చేశాడు. నీవని తెలీదన్నాడు. పువ్వుల బొమ్మలున్న గ్లౌజులు ఇంకెవరివనుకున్నాడో మహానుభావుడు! కాయితాలు తిరగేసేవాళ్ళు వేళ్ళకి పెట్టుకునే రబ్బరు తొడుగులు పెట్టుకుంటే లోపల చెమట పట్టి ఊడిపోయాయి. సొరుగుల్లో పరిచే బంక షీటు ముక్కలు చేతులకింద పెట్టుకుంటే గుడ్డా షీటూ కలిసి నడిచాయి. ఇదంతా నేలమాళిగలో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన. పైన భోజనాల గదిలో వెలుతురు బాగుంటుంది, కానీ ఆ బల్లమీద దారప్పోగు కనిపిస్తే మా ఆయనకి తిక్క రేగుతుంది. ఆ బల్ల మీద మేం భోంచేసేది క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ.

గ్లౌజుల సంగతి అంత పెద్ద విషయమేమీ కాదు, నాకూ తెలుసు. కానీ "ఇవాళ రబ్బరు తొడుగులు పనికిరాలేదు" అంటే "అయ్యో, మరేం చేశావ్?" అనే మనిషి ఒక్కరు కావాలనిపించేది. భోజనం దగ్గర చెప్పబోతే వెర్లిన్ చెయ్యెత్తి ఆగమనేవాడు, టీవీలో వాతావరణం చెబుతున్నారని. చర్చిలో కాఫీ దగ్గర చెబితే ఆడవాళ్ళు మా అత్తగారి కుట్టు గొప్పదనం నాకే వినిపించేవాళ్ళు. ఇంటి నిండా నా పనే ఉంది, నేనున్నట్టు మాత్రం ఎవరికీ తెలియదు. ఒంటరిగా ఉండేదని మా పక్కవీధి విధవావిడ మీద అందరూ జాలిపడేవారు. నాకు ఆవిణ్ణి చూస్తే కాస్త అసూయగా ఉండేది.

చివరికి పక్క ఊళ్ళో గుడ్డల షాపుకి వెళ్ళాను. దాని యజమాని ఇమొజీన్, నాకంటే కాస్త పెద్దది, కళ్ళద్దాలు మెడలో వేలాడుతుంటాయి. బొంతల గ్లౌజులు ఏవి మంచివని అడిగాను. వేళ్ళ కొసలకి రబ్బరు పూసినవి, అరచేతి నిండా చుక్కలున్నవి, సూదిలో దారం ఎక్కించుకోడానికి వేళ్ళు తెరిచి ఉన్నవి, అన్నీ కౌంటరు మీద పరిచింది. వదులుగా ఉంటే లాభం లేదు, చేతికి అతుక్కుని ఉండాలంది. "ఎవరికి?" అంది. నాకే అన్నాను. "ఏదీ, చెయ్యి ఇటివ్వు."

ఇచ్చాను. నా కుడిచెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని, అరచెయ్యి తిప్పి, ఒక్కో వేలూ చాపి చూసింది. గ్లౌజుల కొలత కోసమే, అది నాకు తెలుసు. అయినా నా చెయ్యి ఇంకొకరు పట్టుకుని చూడటం ఎప్పుడు జరిగిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దారాల అర వైపు తల తిప్పుకున్నాను.

ఆవిడ కళ్ళు మూసుకోమంది. వేళ్ళకింద ఏదో గుడ్డ పెట్టింది. "ఇదేంటి?" నూలు అన్నాను. ఇంకోటి పెట్టింది. ఇదీ నూలే అన్నాను. కళ్ళు తెరిస్తే మొదటిది నూగునూగుగా ఉండే ఫ్లానెల్, రెండోది జారిపోయేంత నున్నటి సాటిన్.

"గ్లౌజులమ్ముకునేదాన్ని, ఈ మాట అనకూడదు గానీ," అంది ఇమొజీన్, "నీకు జారేది గుడ్డ కాదమ్మా. గుడ్డ ఎక్కడుందో నీ వేళ్ళకి తెలియట్లేదు. నాకూ ఇలాగే వస్తే మణికట్టు దగ్గర ఆపరేషన్ చేయించుకున్నాను. డాక్టరుకి చూపించు. సోమవారాలు షాపు మూత, తోడు కావాలంటే పిలువు." సన్నవి, తెల్లవి ఒక జత నా చేతికి తొడిగి చూసి మరీ ఇచ్చింది.

డాక్టరూ అదే చెప్పాడు. మణికట్టులో నరం నలుగుతోంది, ఆలస్యమైతే స్పర్శ మళ్ళీ రాకపోవచ్చు, కోసిన తర్వాత కొన్ని వారాలు ఆ చేత్తో పని చెయ్యకూడదు. ఆపరేషన్ తేదీ ఫోనులో చెబుతామన్నారు. ఫోను వచ్చేసరికి నేను కింద మిషను దగ్గరున్నాను. ఫర్నేసు గొట్టంలోంచి పైగది మాటలు బాగా వినిపిస్తాయి. "ఏప్రిల్‌లో కుదరదండీ, జూన్‌లో రాయండి," అంటున్నాడు వెర్లిన్. "ఏప్రిల్‌లో ఆవిడకి బొంత పనుంది." తర్వాత మెట్ల పైనుంచే కేకేసి, నీ ఫోను నేనే మాట్లాడేశాను, నీకో పని తప్పించానన్నాడు. థాంక్స్ అన్నాను. సిగ్గులేదు నాకు, నిజంగానే అన్నాను.

ఆ వారమే జరిగింది. కొత్త గ్లౌజులు పట్టిన పట్టు వదలడంలేదు, గుడ్డ ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. ఇన్నాళ్ళకి పని సాగుతోందన్న సంబరంలో మిషను వేగం పెంచాను. తెల్ల గ్లౌజు కొసన ఎర్రగా కనిపించింది. దారమేమో అనుకున్నాను. అది పెద్దదవుతుంటే మిషను ఆపి గ్లౌజు తీశాను. సూది వేలి కొసలోంచి దిగి వెళ్ళింది. నొప్పి లేదు. వేలు నాది, నెత్తురు నాది, తెలియాల్సింది మాత్రం నాకు తెలియలేదు. భయమేసింది. కట్టు కట్టుకుంటుంటే ఆర్డిత్ ఫోన్ చేసింది, బొంత ఎంతవరకూ వచ్చిందని. సూది దిగింది అత్తయ్యా అన్నాను.

"గుడ్డకి అంటలేదు కదా?" అంది.

లేదన్నాను. ఫోన్ పెట్టేశాను. తర్వాత తోడు రమ్మని ఇమొజీన్‌ని అడిగాను, ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఏప్రిల్‌లో సోమవారం ఒకటి ఇంకా ఖాళీగానే ఉందట. రాయించుకున్నాను. ఇంటికి దింపేవాళ్ళు లేకపోతే ఆపరేషన్ చెయ్యరట, ఎవరొస్తారని అడిగింది అవతలి అమ్మాయి. ఇమొజీన్ పేరు చెప్పాను. మీకేమవుతారంది. స్నేహితురాలన్నాను. అన్నాక, ఆ మాట నా నోట వచ్చి ఎన్నాళ్ళయిందో కదా అనిపించింది.

మిషను సూది కింద నుంచి బొంత తీసి, పిన్నులతో సహా మడిచి, ఆర్డిత్ ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టొచ్చాను. సగానికి పైగానే అయింది. మిగతాది నా వల్ల కాదన్నాను. ఆవిడ పిన్నుల వైపూ నా వైపూ చూసి, ఒంట్లో బాగాలేదా అంది. అదేకదా చెప్తున్నానన్నాను.

రాత్రి భోజనం దగ్గర వెర్లిన్‌కి చెప్పాను, ఆపరేషన్ ఏప్రిల్‌లోనే అని. ఫోర్కు కింద పెట్టాడు. "మరి టెస్సా బొంత?" అన్నాడు. మీ అమ్మ దగ్గరుందన్నాను. "అమ్మకి మిషను మీద చెయ్యడం రాదు కదా, ఎవరు పూర్తి చేస్తారు?" అన్నాడు. జానెల్‌కి ఏం సమాధానం చెప్పాలన్నాడు. విందులో కుర్చీ ఖాళీగా పెడతామా అన్నాడు. ప్లేట్లు తీస్తున్నా అడుగుతూనే ఉన్నాడు, టీవీలో వాతావరణం వచ్చి వెళ్ళిపోయినా చూడలేదు. బొంత ఎవరు పూర్తి చేస్తారని ఎన్ని రకాలుగా అడగొచ్చో అన్ని రకాలుగా అడిగాడు. ఆసుపత్రికి నన్ను ఎవరు తీసుకెళతారని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.