గుచ్చిన కొమ్మలు

పొద్దున్నే గొంతులో టీచుక్క కూడా పడకుండా కాలువ గట్టు మీద కూర్చుని కొమ్మలు గుచ్చుతున్నాను. మా పెరట్లో చెట్టు నుంచి నరికిన పచ్చటి కొమ్మలు. ఎండిపోయిన మొక్కని పీకేసి, ఆ గుంటలోనే కొమ్మని దింపి, చుట్టూ మట్టి అదిమి, పైన కాసిని నీళ్ళు చల్లాలి. ఈ తెలివి మావారిది. "సాయంత్రానికల్లా వాడిపోతాయి కదండీ" అన్నాను. "మొక్కలు చూడ్డానికొచ్చే ఆఫీసర్లు భోజనాల వేళకే వెళ్ళిపోతారు. సాయంత్రం ఎలా ఉంటే ఎవడు చూడొచ్చాడు?" అన్నారాయన, కత్తి తుడుచుకుంటూ.

పోయిన వానాకాలం అటవీశాఖవాళ్ళు మా పేటలో మీటింగు పెట్టారు. గట్టు కోసుకుపోతోంది, మొక్కలు మేమిస్తాం, కాపాడుకోవడం మీ వంతు అన్నారు. నాకు న్యాయంగానే తోచింది. గట్టు కూలితే ముందు పోయేది మా వంటిల్లే. సంఘం ఒకటి పెట్టి, హార్డ్‌వేర్ కొట్టు నడిపే మావారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఎండాకాలంలో ట్యాంకరుతో నీళ్ళు పంపమంటారా అని వాళ్ళడిగితే, ఈయన హాయిగా నవ్వి "ఎందుకండీ, మా ఆడవాళ్ళు లేరూ?" అన్నారు. చప్పట్లు మోగాయి. వెనక వరసలో ఉన్న మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచీ సాయంత్రమైతే బకెట్లే. వంట, గిన్నెలు, బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి మీద ఇదొకటి. ఎండలు ముదిరాక కుళాయిలో నీళ్ళు సన్నగిల్లాయి. "ఇంట్లోకి లేవు మహాప్రభో అంటుంటే గట్టుకి ధారపోస్తావేం?" అని మా అత్తగారు. పోయకపోతే "నా పరువు తియ్యడానికే కంకణం కట్టుకున్నావా?" అని ఆయన. పక్కింటి కుట్టుమిషనావిడ మాత్రం నవ్వేది. "ఈ నీళ్ళు మన నెత్తిన పోసుకున్నా ఈపాటికి బెత్తెడు ఎదిగేవాళ్ళం వదినా!" తర్వాత ఆవిడా రావడం మానేసింది. ఒక రోజు బకెట్ ఎత్తబోతే నా నడుం పట్టేసింది. "రోజంతా ఇంట్లోనే ఉండేదానికి నడుం నొప్పేమిటి?" అన్నారు మావారు. ఆ సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, సంచీ మూల పడేసి, ఎవరూ చెప్పకుండానే బకెట్ అందుకుంది. నేను వద్దనలేదు. నొప్పి అంతగా ఉంది మరి. అయినా మొక్కలు సగానికి పైగా చచ్చిపోయాయి.

పొద్దెక్కాక అటవీశాఖ ఆఫీసరమ్మ వచ్చింది. వెంట ఇద్దరు సిబ్బంది. మావారు ముందు నడుస్తూ తోట చూపించినట్టు చూపిస్తున్నారు. నా కళ్ళు మాత్రం ఆవిడ చేతుల మీదే ఉన్నాయి. చెయ్యి చాస్తే నా పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఒక్క ఆకు పట్టుకుని లాగిందా, కొమ్మ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. అప్పుడేమవుతుంది? ఆయన అరిచే రకం కాదు. మాట్లాడడం మానేస్తారు. నేను ఎదురుగానే ఉంటే "అమ్మా, ఉప్పు అందించమని చెప్పు" అంటారు వాళ్ళమ్మతో, వారాల తరబడి. పోయినసారి ఆ మౌనానికి తట్టుకోలేక, తప్పేమిటో తెలియకుండానే క్షమించమన్నాను. దేవుడా, ఈవిడ త్వరగా వెళ్ళిపోతే బాగుండు. వెళ్ళిపోతే మాత్రం? వేళ్ళు లేని కొమ్మలు గట్టునేం పట్టుకుంటాయి? రేపు వానలొస్తే నా పొయ్యి ఎక్కడుంటుంది? ఆవిడ వంగి ఒక ఆకు నిమిరింది. నిమిరి వదిలేసింది.

"చాలా బాగా చూసుకుంటున్నారండీ" అంది ఆవిడ లేస్తూ. "అవతలి గట్టు కూడా మీ సంఘానికే ఇచ్చేద్దామనుకుంటున్నాం. ట్యాంకరు ఎలాగూ మీకు అక్కర్లేదు."

"అయ్యో, తప్పకుండా మేడమ్. ఇవ్వండి" అన్నారు మావారు.

ఆవిడ నా వైపు చూసింది. నా చెయ్యి నడుం మీదుంది. "మీకు కష్టమవుతుందేమో కదండీ?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "ఈవిడకి వీలవకపోతే మా అమ్మాయి ఉందండీ. చిన్నదైనా బాగా అలవాటు పడిపోయింది."

నా భయం పోయిందని చెప్పను. ఆ భయంతోనే వంగి, దగ్గరలో ఉన్న కొమ్మని లాగాను. లాగడానికేముంది, వచ్చేసింది. కింది కొసన కత్తివేటు ఇంకా తెల్లగానే ఉంది.

"ఇవి పొద్దున నేనే గుచ్చానండీ. మీరిచ్చిన మొక్కలు నీళ్ళు చాలక చచ్చిపోయాయి."

"మతి పోయిందా నీకు?" అన్నారు మావారు, పళ్ళబిగువున. వాళ్ళమ్మతో చెప్పించకుండా నాతోనే అన్నారు.

"మాకు ట్యాంకరు కావాలి" అన్నాను ఆఫీసరమ్మతోనే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అవతలి గట్టు ఆయనకే ఇవ్వండి, బకెట్ కూడా. మా అమ్మాయి మాత్రం రాదు."