ఆయిల్లో కలిసిన నీళ్లు

శాంతయ్య ఆ రోజు షెడ్డుకు కారు తెచ్చింది ఆయిలు మార్పించడానికే. వేరే ఏ ఇబ్బందీ చెప్పలేదు. అది పాత డీజిల్ కారు. భార్య సంతోషమ్మ కోసమే దాన్ని కొన్నాడు. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు పలమనేరు నుంచి చిత్తూరు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. మొదట్లో బస్సులో పోయివచ్చేవాళ్లు. మిషన్ మీది నుంచి లేచాక ఆమె బస్టాండు దాకా నడవలేక దారిలోనే కూలబడిపోతూ ఉంటే, శాంతయ్య ఆవుల్ని అమ్మి ఈ కారు తీసుకున్నాడు. వెనక సీట్లో ఆమె పడుకోవడానికి ఒక దిండూ దుప్పటీ ఎప్పుడూ ఉండేవి.

మెకానిక్ మునికుమార్ కారు కిందికి దూరి డ్రైన్ బోల్టు విప్పాడు. వాడిన ఆయిలు నల్లగా, పల్చగా ధార కట్టాలి. అలా జరగలేదు. ముందు కాసిని నీళ్లు పడ్డాయి. వాటి వెనకే పాలు ఎక్కువైన టీ లాంటిది చిక్కగా, ముద్దముద్దగా జారి ఇనుప తట్టలో పడింది. వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఆయిలుకు ఉండాల్సిన జారుడే లేదు.

బయటికొచ్చి ఆయిలు పోసే మూత తీశాడు. దాని అడుగున తెల్లగా మీగడ కట్టి ఉంది. అదొక్కటే అయితే పట్టించుకునేవాడు కాదు. పలమనేరు చలికి, ఊళ్లోనే అక్కడక్కడే తిరిగే బండ్లలో ఇంజిను సరిగా వేడెక్కక తేమ అలా మూతకు పట్టడం మామూలే. గుడ్డతో తుడిచి పంపేస్తాడు. ఇది ఘాటు దిగి చిత్తూరు దాకా పోయివచ్చే బండి. పైగా అడుగునుంచే అలా వస్తోంది. వంక నీళ్లలో ఎక్కడైనా దించావా అని అడిగాడు. లేదన్నాడు శాంతయ్య. నీళ్లు కొట్టించి ఇంజిను కడిగించావా అంటే అదీ లేదన్నాడు.

రేడియేటర్ మూత తీస్తే నీళ్లు బాగా కిందికి పోయి ఉన్నాయి. పైన నూనె తెట్టు. మునికుమార్ నీళ్లు నింపి, బోల్టు బిగించి, పక్కనున్న ఆయిలు కొంత పోసి, ఇంజిను స్టార్టు చేయమన్నాడు. రేడియేటర్ నోట్లో బుడగలు ఆగకుండా లేచాయి. వెనకనుంచి తెల్లటి పొగ. ఆపేయమని చెయ్యి ఊపాడు.

"ఎప్పుడన్నా బాగా వేడెక్కిందాన్నా?"

శాంతయ్య నేల చూస్తూ చెప్పాడు.

"పోయిన నెల, తిరిగొచ్చేటప్పుడు. మొగిలి ఘాటు ఎక్కతా ఉంటే ముల్లు ఎర్రగీత కాడికి పోయినాది. మీ వొదినకు చలిజ్వరం, ఒకటే వొణుకు. ఆ ఎండలో యాడ ఆపేది? ఇంటికొచ్చినాక నీళ్లు పోసినాను."

మునికుమార్‌కు అర్థమైంది. ఆ వేడికి ఇంజిను పైభాగమైన హెడ్డుకూ కింది భాగానికీ మధ్య ఉండే గ్యాస్కెట్ కాలిపోయింది. అప్పటినుంచీ నీళ్లు కొద్దికొద్దిగా ఆయిల్లోకి దిగుతున్నాయి. హెడ్డు విప్పి చిత్తూరులో లేతు పనివాళ్లకు పంపి, చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయాలి. అప్పటిదాకా బండి తీయకూడదని చెప్పాడు.

శాంతయ్య ముఖం మాడిపోయింది. సంతోషమ్మ డయాలసిస్ వంతు మర్నాడే. ముందటి వంతు మళ్లీ జ్వరం రావడంతో తప్పిపోయింది. ఆమెకు కాళ్లూ ముఖమూ ఉబ్బిపోయి ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడటం లేదని రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంటోంది.

"కొత్త ఆయిలు పోసియ్యి మునీ. నిదానంగా పోతాను. రేపొక్కసారి పోయొచ్చినాక నీ ఇష్టం, ఎన్ని దినాలన్నా పెట్టుకో."

మునికుమార్ వద్దన్నాడు. కుప్పయ్య సంగతి గుర్తు చేశాడు. కుప్పయ్య కారుకూ ఇలాగే ఆయిల్లో నీళ్లు కలిశాయి. తెలిసీ తోలాడు. ఘాటు దిగుతూ ఉండగా బేరింగులు పట్టేసి ఇంజిను ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. వెనకొచ్చే లారీ ఆగలేకపోయింది. కారు రేకులు కోసి కుప్పయ్యనూ అతని కూతురినీ బయటికి తీసినవాళ్లలో మునికుమార్ ఒకడు.

ముందు వేరే కారు దొరుకుతుందేమో చూసి రమ్మన్నాడు. దొరక్కపోతే అప్పుడు మాట్లాడదాం అన్నాడు. శాంతయ్య టాక్సీ నడిపే గిరి ఇంటికి పోయాడు.

అతను రోడ్డు దాటేదాకా మునికుమార్ చూస్తూ నిలబడ్డాడు. దొరక్కపోతే ఇతను ఈ కారే తీసుకుపోతాడు. తాళం ఇవ్వనంటే కాళ్లు పట్టుకుంటాడు. అప్పుడు తాను కాదనలేడు. మునికుమార్ పానాలు తీసి హెడ్డు విప్పడం మొదలుపెట్టాడు.

శాంతయ్య తిరిగివచ్చేసరికి పొద్దు వాలింది. ముహూర్తాల రోజులు. గిరి పెళ్లివాళ్లతో తిరుపతి పోయాడు. ఇంకెవరి కారూ, అంబులెన్సూ ఖాళీ లేదు. షెడ్డులో తన కారు ఇంజిను తెరిచి ఉంది. హెడ్డు బల్ల మీద ఉంది.

"దొరక్కుంటే మాట్లాడదామంటివే."

"నువ్వు తీసకపోతావన్నా. నాకు తెలుసు."

శాంతయ్య వెనక సీట్లోంచి దిండూ దుప్పటీ తీసుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మునికుమార్ తనకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకరు ఎల్లుండి కారు పంపుతామన్నారు. ఆ మాట చెబుదామని శాంతయ్యకు చేస్తే, ఆమె ఎల్లుండి దాకా ఆగే స్థితిలో లేదని చెప్పి పెట్టేశాడు.

తెల్లవారి భార్యాభర్తలు బస్టాండుకు పోయారు. కారులో అయితే చీకటితోనే బయలుదేరి మొదటి వంతుకే అందుకునేవాళ్లు. ఆ రోజు వచ్చిన బస్సులన్నీ పెళ్లిళ్ల జనంతో కిక్కిరిసి ఉన్నాయి. ఆమెను ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. ఎవరో లేచి సీటిచ్చారు. ఘాటు దిగేలోపే ఆమె నోటితో గాలి పీల్చడం మొదలుపెట్టింది. చిత్తూరులో దిగాక ఆటోలో ఆసుపత్రికి చేర్చాడు. గ్రేసీ అనే నర్సు ఆమెను చూడగానే, వరసలో ఉన్నవాళ్లను బతిమాలి ముందుగా మిషన్ ఎక్కించింది. రక్తం తిరగడం మొదలైన కాసేపటికే సంతోషమ్మ గుండె ఆగిపోయింది. డాక్టర్లు చాలాసేపు ప్రయత్నించారు. తిరిగి కొట్టుకోలేదు.

అదే సమయంలో షెడ్డులో మునికుమార్ కారు అడుగున ఆయిలు నిలిచే చట్టి విప్పి బేరింగులు చూస్తున్నాడు. నీళ్ల ఆయిలుతో తిరిగాయి కాబట్టి అరిగి, గీతలు పడి ఉంటాయనుకున్నాడు. ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. అన్నీ నున్నగా మెరుస్తున్నాయి. ఎక్కడా దెబ్బ లేదు. వాటిని చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. శాంతయ్య కూతురు స్టెల్లా ఫోన్ చేసి విషయం చెప్పింది అప్పుడే.

సమాధి చేసేటప్పుడు మునికుమార్ అందరికంటే వెనక నిలబడ్డాడు. మట్టి వేయడానికి పిలిచినా ముందుకు పోలేకపోయాడు. తర్వాత కారు పని పూర్తి చేశాడు. తీసుకుపొమ్మని చెప్పడానికి మాత్రం ఫోన్ చేయలేదు.

శాంతయ్య తనంతట తానే వచ్చాడు. గడ్డం పెరిగింది. కారు చుట్టూ తిరగలేదు, ఇంజిను చూడలేదు. స్టూలు మీద కూర్చుని, కాలిపోయిన గ్యాస్కెట్ చూపించమన్నాడు. మునికుమార్ తెచ్చి ఇచ్చాడు. రెండు రంధ్రాల మధ్య రేకు నల్లగా తెగిపోయి ఉంది. శాంతయ్య ఆ చోట వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఒకటి అడుగుతాను మునీ. ఆ పొద్దు నేను తీసకపోయింటే బండి చిత్తూరు చేరిండునా?"

మునికుమార్ తాను బిగించిన ఇంజిను వైపు చూశాడు. చేరేది కాదు అంటే సరిపోతుంది. ఆ బేరింగులు చూసింది తానొక్కడే. వాటిని మళ్లీ బిగించేశాడు కూడా. ఇక ఎవరూ విప్పి చూడరు.

"చేరిండొచ్చన్నా," అన్నాడు చివరికి. "బేరింగులు బాగుండాయి. విప్పినాకనే తెలిసింది."

శాంతయ్య తల ఊపాడు. ముందటి వంతు తప్పడంతోనే పరిస్థితి చేయి దాటిందనీ, త్వరగా వచ్చినా ఏమయ్యేదో చెప్పలేమనీ డాక్టరు తనతో అన్నట్టు చెప్పాడు. అది మునికుమార్‌ను ఓదార్చడానికి చెప్పినట్టు లేదు. తనకు తాను చెప్పుకుంటున్నట్టు ఉంది. తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఏడ్చాడు. మునికుమార్ పక్కన నిలబడ్డాడే కానీ భుజం మీద చెయ్యి వేసే ధైర్యం చేయలేదు.

కాసేపయ్యాక శాంతయ్య కారు తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పలేకపోయాడు. దిగి, నువ్వే తోలుకొని రా అని అటువైపు వెళ్లి కూర్చున్నాడు. మునికుమార్ కారును అతని ఇంటికి తోలాడు.

ఇంటి ముందు స్టెల్లా నిలబడి ఉంది. మునికుమార్ తాళాలు ఇచ్చి వెనక్కి తిరగబోతే ఆపింది.

"అన్నం తినిపో చిన్నాయనా."

మునికుమార్ చెప్పులు విడిచాడు. లోపల చాప మీద కూర్చున్నాడు. స్టెల్లా అన్నం పెట్టి పులుసు పోసింది. ముద్దముద్దకూ నీళ్లు తాగి మింగాడు. శాంతయ్య ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని చూస్తున్నాడు. కంచంలో అన్నం సగమయ్యాక శాంతయ్య లేచి గిన్నె తెచ్చి ఇంకొంచెం వడ్డించాడు. మునికుమార్ తల వంచుకుని అది కూడా తిన్నాడు.